పాయింట్ 45 గొప్పదా, 9 ఎంఎం గొప్పదా?

డల్లాస్‌లో ఉండే మన తెలుగువాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే గుడికీ, అవుట్‌లెట్ మాల్‌కీ తిప్పడం అయ్యాక, వచ్చింది కుర్రాడైతే షూటింగ్ రేంజ్‌కి కూడా తీసుకెళ్తారు. పోయిన వేసవిలో మా అక్క కొడుకు వచ్చినప్పుడు నేనూ అదే చేశాను. కౌంటర్ దగ్గరికి వెళ్ళీ వెళ్ళగానే వాడు పాయింట్ 45, అంటే అంగుళంలో 0.45 వంతు లావు తూటా కాల్చే పిస్టల్, కావాలన్నాడు. ఎందుకురా అంటే, "అమెరికా నేవీ సీల్స్ కమాండోలు వాడేది అదే మావయ్యా. 9 ఎంఎం ఏముంది, దోమ కుట్టినట్టుంటుంది" అన్నాడు. వాడి తుపాకీ చదువంతా వీడియో గేముల్లోనే సాగింది. కౌంటర్ వెనకున్న పెద్దాయన ఏమీ వాదించకుండా పాయింట్ 45 కాల్చే ఒక 1911, 9 ఎంఎం కాల్చే ఒక గ్లాక్ 19 రెండూ మా ముందు పెట్టాడు.

1911తో వాడు కాల్చినవి కాగితం మీద కింద ఎడమవైపుకి చెదిరిపోయాయి. తుపాకీ తంతుందని చేతికి ముందే తెలిసిపోయి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మణికట్టు కిందికి వంగిపోతుంది. కొత్తవాళ్ళందరికీ జరిగేదే. గ్లాక్‌తో కాల్చినవి కాస్త దగ్గర దగ్గరగా పడ్డాయి. అయినా బయటికొచ్చాక వాడి మాట మారలేదు. "తగిలితే ఒక్కటి చాలు కదా మావయ్యా" అన్నాడు.

ఆ "ఒక్కటి చాలు" దగ్గరే నాకు పేచీ. స్పెషల్ ఫోర్సెస్ ఏ పిస్టల్ పెట్టుకుంటాయి, ఏ తూటా వాడతాయి అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఈ మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది. వందేళ్ళుగా ఇదే తంతు. ఆ దళాలు నిజంగా ఏం ఎంచుకున్నాయో, ఎందుకు మార్చుకున్నాయో చూస్తూ పోతే మాత్రం తూటా సైజు ఎప్పుడూ వెనక వరుసలోనే కనిపిస్తుంది. దాన్ని ముందు వరుసలోకి లాక్కొచ్చింది మనలాంటి దూరపు అభిమానులూ, అప్పుడప్పుడూ ఏదో ఒక ఘటన తర్వాత కంగారుపడిన అధికారులూ.

ఫిలిప్పీన్స్ కథ

పాయింట్ 45 భక్తులందరూ మొదట చెప్పే కథ ఫిలిప్పీన్స్‌ది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ మోరో యోధులు కత్తులతో మీదికొస్తుంటే, అమెరికా సైనికుల పాయింట్ 38 రివాల్వర్లు వాళ్ళని ఆపలేకపోయాయి. దాంతో పాత పాయింట్ 45లు మళ్ళీ బయటికి తీశారు. 1904లో థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు సైనికాధికారులు మనుషుల శవాల మీదా, షికాగో పశువుల కబేళాలో బతికున్న పశువుల మీదా తూటాలు కాల్చి చూశారు. సైన్యం పిస్టల్ పాయింట్ 45కి తగ్గకూడదని తేల్చారు. 1911లో బ్రౌనింగ్ చేసిన పిస్టల్ సైన్యంలోకి వచ్చింది. కథ కంచికి.

ఇందులో అబద్ధమేమీ లేదు. పాయింట్ 38 లాంగ్ కోల్ట్ నిజంగానే బలహీనమైన తూటా. 1905లో సమార్ దీవిలో ఆంటోనియో కాస్పి అనే ఖైదీ తప్పించుకోబోతుంటే, దగ్గర నుంచి నాలుగు పాయింట్ 38 తూటాలు తగిలినా పెనుగులాడుతూనే ఉన్నాడు. చివరికి కార్బైన్ (పొట్టి రైఫిల్) మడమతో తలమీద కొడితే గానీ పడలేదు. తర్వాత కోలుకున్నాడు కూడా. నాకు ఈ కథలో ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. నాలుగు తూటాలు తగిలినవాడు నిలబడగలిగాడంటే పిస్టల్ తూటా అనేదే అంత నమ్మదగ్గది కాదని ఒక అర్థం తీయొచ్చు. అమెరికా సైన్యం మాత్రం ఇంకాస్త లావు తూటా కావాలన్న అర్థం తీసుకుంది. ఎనభై ఏళ్ళ వాదనంతా ఈ రెండో అర్థం మీదే నడిచింది.

లెక్క చూస్తే, పాయింట్ 45 తూటా సుమారు 15 గ్రాములు, సెకనుకి 255 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. నాటో 9 ఎంఎం తూటా 8 గ్రాములు, 360 మీటర్ల వేగం. ఒకటి బరువైనది, నెమ్మదైనది; రెండోది తేలికైనది, వేగమైనది. శక్తి లెక్కకట్టి చూస్తే రెండూ 500 జౌళ్ళకి అటూ ఇటూగా ఉంటాయి, 9 ఎంఎందే కాస్త పైచెయ్యి. మామూలు సైనికుడి చేతిలో ఉండే 5.56 రైఫిల్ తూటా 1700 జౌళ్ళ దాకా పోతుంది. పిస్టళ్ళ మధ్య తేడా కన్నా పిస్టల్‌కీ రైఫిల్‌కీ మధ్య తేడా ఎన్నో రెట్లు ఎక్కువ. మనిషి వెంటనే కూలాలంటే మెదడుకో వెన్నుకో తగలాలి. లేదంటే రక్తం పోవాలి, దానికి టైమ్ పడుతుంది. తూటా లావులో రెండున్నర మిల్లీమీటర్ల తేడా ఈ పద్ధతినేమీ మార్చదు.

మయామీలో తప్పు ఎవరిది?

1986 ఏప్రిల్ 11న మయామీలో బ్యాంకు దొంగలు ఇద్దరికీ, ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లకీ మధ్య కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. దొంగల్లో ఒకడైన ప్లాట్‌కి మొదట్లోనే ఒక 9 ఎంఎం తూటా తగిలింది. చేతిలోంచి దూసుకెళ్ళి ఛాతీలో దిగి, గుండెకి అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ తర్వాతే వాడు ఎక్కువ నష్టం చేశాడు.

ఎఫ్‌బీఐ ఆ అంగుళాన్ని పట్టుకుంది. తూటా ఇంకో అంగుళం దిగి ఉంటే మనవాళ్ళు బతికేవాళ్ళు అని. మనిషి కండకి బదులుగా జెలటిన్ దిమ్మల మీద పరీక్షలు పెట్టి, తూటా కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు అన్న కొలత తెచ్చింది. ఆ కొలత మంచిదే, ఇప్పటికీ అదే నడుస్తోంది. దాంతోపాటే పెద్ద క్యాలిబర్ (తూటా లావు) వేట మొదలైంది. ముందు 10 ఎంఎం ఎంచుకున్నారు. అది చాలామంది చేతికి మరీ ఎక్కువగా తంతోందని తూటాలో పేలుడు మందు తగ్గించారు. తగ్గించిన మందుకి అంత పొడుగు కేసు (మందు నింపే గొట్టం) ఎందుకని 1990లో పాయింట్ 40 వచ్చింది. పాతికేళ్ళు అమెరికా పోలీసు శాఖల్లో సగం దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి.

ఇంతాచేసి ఆ రోజు దొంగ చేతిలో ఉన్నది రైఫిల్. ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి రివాల్వర్లు. రైఫిల్‌కి ఎదురుగా చేతితుపాకీలతో దిగడం అన్నది ఆ రోజు జరిగిన అసలు పొరపాటని నాకనిపిస్తుంది. కానీ ప్లానింగ్‌ని తప్పుపట్టడం కన్నా తూటాని తప్పుపట్టడం ఏ ఆఫీసుకైనా సుఖం. తూటా ఎదురు మాట్లాడదు కదా.

2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగమే మళ్ళీ 9 ఎంఎంకి ఎందుకు వెళ్ళాలో ఒక పత్రం రాసింది. మంచి కంపెనీల తూటాలు చేసే గాయాలని పక్కపక్కన పెడితే ఏది ఏ క్యాలిబరో చెప్పడం కష్టమని అందులో ఒప్పుకున్నారు. నిజమైన కాల్పుల్లో పోలీసులు పేల్చే తూటాల్లో 70 నుంచి 80 శాతం అసలు తగలవని రాశారు. 9 ఎంఎంతో ఎక్కువమంది ఇంకా వేగంగా, ఇంకా గురిగా కాలుస్తున్నారన్నది మూడో మాట. నా మేనల్లుడి "తగిలితే ఒక్కటి చాలు"లో బరువంతా "తగిలితే" మీదే ఉందని చెప్పడానికి ఎఫ్‌బీఐకి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

సీల్స్ ఏం చేశారు

ఇక అసలు హీరోల సంగతి. 1985లో అమెరికా సైన్యం 1911ని పక్కనపెట్టి ఇటలీ బెరెటాని ఎం9 పేరుతో తీసుకుంది. నాటో దేశాలన్నిటికీ ఒకే తూటా ఉండాలన్నది ముఖ్య కారణం. రెండేళ్ళు తిరక్కుండా నేవీ సీల్స్ చేతుల్లో బెరెటా స్లైడ్లు, అంటే పేలినప్పుడు వెనక్కి జరిగే పై భాగాలు, విరగడం మొదలైంది. విరిగిన ముక్క వెనక్కి ఎగిరొచ్చి కాల్చేవాడి మొహానికి తగిలేది. "ఇటలీ ఉక్కు తినందే సీల్ కాలేవు" అని వాళ్ళలో వాళ్ళకి ఒక జోకు కూడా పుట్టింది.

ముందు సీల్స్ దగ్గరే ఎందుకు విరిగిందంటే వాళ్ళు కాల్చే తూటాల సంఖ్య అలాంటిది. మామూలు సిపాయి సర్వీసు మొత్తంలో కాల్చేవి వాళ్ళు కొన్ని వారాల్లో కాల్చేస్తారు. సీల్స్ ఆ పిస్టల్‌ని వదిలేసి సిగ్ పీ226కి మారారు. సైన్యం పోటీలో చివరిదాకా నిలిచి, ధర దగ్గర బెరెటాకి ఓడిపోయింది అదే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సిగ్ కూడా 9 ఎంఎమే. తుపాకీ మీద నమ్మకం పోతే వాళ్ళు తుపాకీ మార్చారు. తూటా జోలికి పోలేదు.

నిజమే, అదే సీల్స్ కోసం 1991లో స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ ఒక పాయింట్ 45 అడిగింది. నడుముకి పెట్టుకునే రక్షణ ఆయుధంగా కాకుండా, చేతబట్టి ముందుకెళ్ళి దాడి చేసే పిస్టల్‌గా దాన్ని ఊహించారు. జర్మనీ హెక్లర్ అండ్ కాక్ తయారుచేసిన మార్క్ 23 అలా పుట్టింది, 1996లో చేతికొచ్చింది. గట్టితనంలో దానికి సాటి లేదు. ఉప్పునీళ్ళు, బురద, మంచు, వేల కొద్దీ తూటాలు, దేనికీ లొంగలేదు. గురి కూడా అద్భుతం. సైలెన్సర్, లేజర్ తగిలించి మ్యాగజైన్ నింపితే మాత్రం దాదాపు రెండు కిలోలు. మూడు కిలోల రైఫిల్ ఎలాగూ భుజానుంటే, ఇంకో రెండు కిలోలు నడుముకెందుకు కట్టుకుంటారు? చాలామంది దాన్ని ఆర్మరీలో పెట్టి సిగ్ తగిలించుకుని వెళ్ళేవాళ్ళు. పరీక్షలన్నీ పాసై, మోసేవాడి నడుము దగ్గర ఫెయిలైన తుపాకీ అది. గేముల్లో మాత్రం బరువుండదు కాబట్టి ఇప్పటికీ అదే హీరో.

మెరీన్లది ఇంకా ముచ్చటైన కథ. మిగతా సైన్యమంతా బెరెటాకి పోయినా, వాళ్ళ రీకానసెన్స్ (ముందుగా వెళ్ళి ఆరా తీసే) దళాలు 1911ని వదల్లేదు. క్వాంటికో స్థావరంలో ఆర్మరర్లు, అంటే తుపాకీలు చక్కదిద్దేవాళ్ళు, పాత 1911 ఫ్రేములు ఏరి, ఒక్కో పిస్టల్‌నీ చేత్తో అరగదీసి, కూర్చి తయారుచేసేవాళ్ళు. పనితనం గొప్పది. కానీ చేత్తో అమర్చిన తుపాకీలో ఒకదాని భాగం ఇంకోదాంట్లో నేరుగా పట్టదు. విరిగితే ఆర్మరర్ కావాలి. 2012లో కోల్ట్ కంపెనీకి 2.25 కోట్ల డాలర్ల వరకూ కాంట్రాక్టు ఇచ్చి కొత్త 1911లు, ఎం45ఏ1 పేరుతో, తెప్పించుకున్నారు. 1911కి పునర్జన్మ అని పత్రికలు పండగ చేసుకున్నాయి. నాలుగేళ్ళు గడిచేసరికి మెరీన్ రైడర్లు, అంటే వాళ్ళ కమాండోలు, వాటిని వదిలి గ్లాక్ 19 తగిలించుకున్నారు. సీల్స్ కూడా సిగ్ తీసేసి అదే గ్లాక్‌ని మార్క్ 27 పేరుతో తీసుకున్నారు. అమెరికా సైన్యపు కమాండో దళం డెల్టా ఫోర్స్ పాయింట్ 45 నుంచి పాయింట్ 40కీ, అక్కణ్ణుంచి 9 ఎంఎంకీ వచ్చి చేరింది. ఆర్మీ రేంజర్లూ, గ్రీన్ బెరెట్లూ సరేసరి.

గ్లాక్ 19లో ఏముందని? ఏమీ లేదు. అందం లేదు, చరిత్ర లేదు. తయారుచేసిన గాస్టన్ గ్లాక్ అంతకుముందు కర్టెన్ రాడ్లూ, సైన్యానికి కత్తులూ చేసుకునేవాడు. ఖాళీగా ఉంటే 600 గ్రాములు. లోపల 15 తూటాలు. 1911 పిస్టల్‌లో ఏడో ఎనిమిదో. విప్పడానికి పనిముట్లు అక్కర్లేదు. ఒకదాని భాగం ఇంకోదాంట్లో పడుతుంది. ఏ దేశంలో దిగినా 9 ఎంఎం తూటా దొరుకుతుంది, పక్క దేశం కమాండోల దగ్గరా అదే ఉంటుంది. బ్రిటన్ సైన్యం 2013లో బ్రౌనింగ్ హైపవర్‌ని తీసేసి గ్లాక్ 17 తెచ్చుకున్నప్పుడు కూడా దాదాపు ఇవే కారణాలు. వీటిలో ఏదీ సినిమాలో డైలాగ్‌గా పనికిరాదు.

2016లో అప్పటి అమెరికా ఆర్మీ చీఫ్ జనరల్ మిల్లీ ఒక సభలో విసుక్కున్న సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. కొత్త పిస్టల్ పరీక్షలకే రెండేళ్ళు, 1.7 కోట్ల డాలర్లా, ఆ డబ్బు నాకివ్వండి, ఈ రాత్రికే కబేలాస్ షాపుకి ఫోన్ చేసి అందరికీ పిస్టళ్ళు తెప్పిస్తాను, హోల్‌సేల్ డిస్కౌంట్ కూడా అడుగుతాను అన్నాడు. అందరూ నవ్వారు గానీ ఆయన మాటలో నిజముంది. ఆ పోటీకి ఏ క్యాలిబర్‌తోనైనా రావచ్చని సైన్యం తలుపులు తెరిచింది. 2017 జనవరిలో గెలిచింది మళ్ళీ 9 ఎంఎమే.

ఫ్రెంచివాళ్ళ రివాల్వర్

ఇంతవరకూ చెప్పినదానికి అడ్డంగా నిలబడే దళం ఒకటుంది, బందీల్ని విడిపించే ఫ్రాన్స్ కమాండోల జీఐజీఎన్. ప్రపంచమంతా పదిహేను తూటాల పిస్టళ్ళ వైపు పోతుంటే, వీళ్ళు ఆరు తూటాల పాయింట్ 357 మాగ్నం రివాల్వర్, మాన్యురిన్ ఎంఆర్73ని పట్టుకు కూర్చున్నారు. 1994 డిసెంబర్‌లో మార్సెయ్ విమానాశ్రయంలో హైజాకర్ల చెరలో ఉన్న ఎయిర్ ఫ్రాన్స్ విమానంలోకి మొదట దూకినవాడి చేతిలో ఉన్నది ఈ రివాల్వరే. కొత్తగా దళంలో చేరేవాడికి "నమ్మకపు తూటా" అనే తంతు ఉంటుంది. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా మీద ఒక చిన్న మట్టిబిళ్ళ తగిలించుకుని సాటివాడు నిలబడతాడు. రివాల్వర్‌తో ఆ బిళ్ళని కొట్టాలి.

నా వాదనకి ఇది ఎదురు సాక్ష్యమా? చాలాకాలం నాకూ ఆ అనుమానం ఉండేది. ఆలోచించేకొద్దీ సాక్ష్యం ఇటువైపుకే తిరుగుతోంది. బందీ తల పక్కనుంచి ఒకే ఒక్క తూటా వెయ్యాలి, అది తప్పకూడదు, అదీ వాళ్ళ సిద్ధాంతం. అందుకు మంచి ట్రిగ్గర్, గట్టి గొట్టం కావాలి. ఎన్ని పేల్చినా అరగని రివాల్వర్ కావాలి, ఎందుకంటే రోజూ పేలుస్తారు. మాగ్నం తూటాని ఎంచుకున్నాక అది తన్నే తన్నుకి చెయ్యి వణక్కుండా ఉండేదాకా సాధన చేశారు. ఆ సాధన తీసేసి అదే రివాల్వర్‌ని మా మేనల్లుడికిస్తే విమానం కిటికీలు పగులుతాయి. కాలం మారాక జీఐజీఎన్ వాళ్ళూ గ్లాక్‌లు తగిలించుకున్నారు, రివాల్వర్ ఎక్కువగా వాళ్ళ గుర్తుగా మిగిలింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయుధం మీద నమ్మకం అనేది లెక్కల్లో పట్టదు. చేతిలో ఉన్నది పనికిరాదనుకున్నవాడు దాంతో గురిగా కాల్చలేడు. పాయింట్ 45ని దేవుడిలా చూసే పాతకాలం మెరీన్‌కి దాన్ని లాక్కుని 9 ఎంఎం ఇస్తే మొదట్లో నష్టమే. ఆ నష్టం ఎన్నాళ్ళుంటుందన్నది ఎన్ని తూటాలు కాల్పిస్తారన్నదాని మీద ఉంటుంది.

డమ్ డమ్ నీడ

పాయింట్ 45 తరఫున నాకు నిజంగా బలంగా కనిపించే వాదన ఒక్కటే. దానికి మన కలకత్తాతో చుట్టరికం ఉంది. డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్‌వాళ్ళు 1890లలో ముక్కు మెత్తగా ఉండే తూటాలు చేశారు. ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకునేవి. 1899 హేగ్ డిక్లరేషన్ యుద్ధాల్లో అలాంటి తూటాల్ని నిషేధించింది. పోలీసులకి ఆ నిషేధం వర్తించదు. సైన్యాలు మాత్రం రాగితొడుగు మొత్తం కప్పిన, విచ్చుకోని తూటాలే వాడుతూ వచ్చాయి.

ఎఫ్‌బీఐ 2014లో మెచ్చుకున్న 9 ఎంఎం విచ్చుకునే రకం. విచ్చుకోని రకం ఇస్తే 9 ఎంఎం చేసే రంధ్రం 9 మిల్లీమీటర్లే, పాయింట్ 45 చేసేది 11.43. పైగా 9 ఎంఎం ఒంట్లోంచి దూసుకెళ్ళి వెనకున్నవాడికి తగిలే ప్రమాదం ఎక్కువ. బందీల మధ్య పనిచేసే దళానికి ఇది చిన్న సంగతి కాదు. అందుకే "సైన్యపు తూటాలతోనైతే 45 మేలు" అనే పాతవాళ్ళ మాటని నేను కొట్టిపారెయ్యను.

కానీ ఈ వాదనకి కాలం చెల్లుతోంది. ఉగ్రవాదుల నుంచి బందీల్ని విడిపించే పనిని మామూలు యుద్ధంగా చూడక్కర్లేదని 1985లోనే అమెరికా సైన్యపు న్యాయాధికారులు డెల్టా ఫోర్స్‌కి విచ్చుకునే తూటాల విషయంలో పచ్చజెండా ఊపారు. 2017లో తీసుకున్న కొత్త పిస్టల్‌తోపాటు బోలుముక్కుతో విచ్చుకునే తూటా కూడా అధికారికంగా వచ్చింది. హేగ్ నీడ తొలిగినచోట 45కి మిగిలేది జ్ఞాపకమే.

క్యాలిబర్ నిజంగా లెక్కలోకి వచ్చే చోట్లు వేరే ఉన్నాయి. ఒకటి చప్పుడు. పాయింట్ 45 మామూలుగానే ధ్వని కన్నా నెమ్మదిగా పోతుంది కాబట్టి సైలెన్సర్‌తో అది బాగా కుదురుతుంది. 9 ఎంఎంకి ప్రత్యేకంగా బరువైన తూటా కావాలి. సీల్స్ మార్క్ 23 తర్వాత కూడా ఒక చిన్న పాయింట్ 45ని దగ్గర పెట్టుకున్నది ఇందుకే. రష్యన్లయితే చప్పుడు కోసం తూటానే కొత్తగా కనిపెట్టారు. పీఎస్ఎస్ పిస్టల్‌లో పేలిన గ్యాసు కేసులోనే బందీ అయిపోతుంది, సైలెన్సరే అక్కర్లేదు. రెండోది కవచం. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా ముందు 45, 9 రెండూ ఒకటే, రెండూ ఆగిపోతాయి. అందుకే బెల్జియంవాళ్ళు 5.7 ఎంఎం, జర్మన్లు 4.6 ఎంఎం అనే సన్నని, వేగమైన తూటాలు తెచ్చారు. 1997లో లీమాలో జపాన్ రాయబారి ఇంట్లో బందీల్ని విడిపించిన పెరూ కమాండోల చేతుల్లో ఉన్నవి 5.7 ఎంఎం పీ90లు. 2021లో నాటో ఆ తూటాని ప్రామాణికంగా ఒప్పుకుంది. లావు పెంచమని వందేళ్ళు కొట్టుకున్నాక, చివరికి సమస్య ఎదురైనచోట తూటా సన్నబడింది. 45 భక్తులు ఈ సంగతి ఎందుకో ఎత్తరు.

మన దగ్గర

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు. ఆ ఊరి నుంచి సైన్యంలోకి వెళ్ళి రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నారు, నాన్నకి వరసకి తమ్ముడు. ఈ గొడవంతా ఫోన్లో చెబితే ఆయన కాసేపు విని, "ఒరేయ్, పిస్టలంటే ఆఫీసరు నడుముకుండేదిరా. మాకు రైఫిలు, కొన్నాళ్ళు కార్బైను. కార్బైన్లో తూటా, సాబ్ పిస్టల్లో తూటా ఒకటే. అందుకే అది. ఇందులో ఇంత ఆలోచించేదేముంది?" అన్నారు. మన పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ, బ్రౌనింగ్ హైపవర్‌కి ఇషాపూర్‌లో పుట్టిన తమ్ముడు, దశాబ్దాల పాటు నడవడానికి కారణం ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. రేంజ్ సంగతి అడిగితే, "ఖాళీ కేసులు ఏరి, లెక్క అప్పజెప్పాకే అక్కణ్ణుంచి కదిలేవాళ్ళం" అన్నారు. తూటా లెక్క అంత గట్టిగా ఉండేది.

మన దగ్గర మామూలు జనానికి 9 ఎంఎం నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సుతో దొరకని క్యాలిబర్. లైసెన్సుంటే పాయింట్ 32 దొరుకుతుంది. కాబట్టి మనకి ఈ విషయాలన్నీ వినికిడే, చేతికి తెలిసిన సంగతులు కావు. అలా వినికిడితో వచ్చిన జ్ఞానంతోనే "గ్రేహౌండ్స్‌కి ఏ పిస్టల్ ఇవ్వాలి" అని కుర్రాళ్ళు వాదించుకుంటారు. మావోయిస్టుల మీదికి వెళ్ళే పోలీసు దళం గ్రేహౌండ్స్ పని అడవిలో. రోజుల తరబడి నడక, దూరపు కాల్పులు. అక్కడ పిస్టల్ ఏదైనా ఒకటే, బరువు తగ్గితే సంతోషిస్తారు. ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే ఆక్టోపస్ దళం పని హోటల్ కారిడార్లో, బస్సులో, మెట్ల మీద. ఒక చేత్తో తలుపు తోస్తూ, లేదా బందీని లాగుతూ, ఇంకో చేత్తో కాల్చాల్సి రావచ్చు. అక్కడ పిస్టల్ ప్రాణం. ఒకే రాష్ట్రంలో పుట్టిన రెండు దళాలకే ఒకే జవాబు లేనప్పుడు, కాలిఫోర్నియా సముద్రతీరంలో శిక్షణ పొందే సీల్స్ జవాబు మనకి ఎలా సరిపోతుంది?

2024లో హైదరాబాద్ లోకేష్ మెషీన్స్ తయారుచేసిన అస్మి మెషీన్ పిస్టళ్ళు 550 మన సైన్యం ఉత్తర కమాండ్ తీసుకుంది. డీఆర్‌డీవో, మౌ ఇన్‌ఫాంట్రీ స్కూల్ కలిసి నాలుగు నెలల్లో రూపొందించిన ఆయుధం, అదీ 9 ఎంఎమే. మన ఊళ్ళో తయారైందని నాకూ సంతోషమే. నేను చదివిన వార్తల్లో మ్యాగజైన్‌లో 33 తూటాలు పడతాయని ఉంది, వంద మీటర్ల దాకా పనిచేస్తుందని ఉంది, ఒక్కోటి 50 వేల రూపాయల లోపే అవుతుందని ఉంది. దాన్ని పట్టుకునే జవాను ఏడాదికి ఎన్ని తూటాలు సాధనకి కాలుస్తాడన్నది ఎక్కడా కనబడలేదు. సీల్స్ చేతిలో బెరెటా విరిగింది, జీఐజీఎన్ చేతిలో రివాల్వర్ విరగలేదు. రెండు చోట్లా ఆ పిస్టల్ సంగతి బయటపడింది సాధనలో పేలిన తూటాల వల్లే. మన వార్తల్లో ఆ అంకె వెయ్యకపోతే, విలేఖరి దాన్ని అడక్కపోతే, తుపాకీ మంచిదా కాదా అన్నది మనం దేన్ని బట్టి చెప్పుకుంటున్నట్టు?

మా మేనల్లుడు ఇండియా వెళ్ళిపోయాక ఒక మెసేజ్ పెట్టాడు, మళ్ళీ వస్తే 10 ఎంఎం కాల్పిస్తావా అని. కాల్పిస్తాను. తూటాల బిల్లు మాత్రం వాళ్ళ నాన్నకి పంపిస్తాను. 10 ఎంఎం తూటా ధర చూస్తే 9 ఎంఎం ఎందుకు గెలిచిందో మా బావగారికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.